పుట్టింటి సున్నం

“ఫరీదూ, ఆయన్ని కాస్త అటు జరగమను. మూట నలుగుతోంది.”

అన్నది మంగమ్మ. జరగాల్సిన ఆదెయ్య ఆమె పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. అయినా ఆ మాట స్టీరింగు పట్టుకున్న ఫరీదు దాకా పోయి, అక్కణ్నించి వెనక్కి రావాల్సిందే.

“అన్నా, వదిన నిన్ను జరగమంటంది.”

“ఎటు జరగాలో కూడా ఆవిణ్నే చెప్పమను. ఇంకొంచెం జరిగితే గేరు కడ్డీ అనుకుని నువ్వు నా కాలు పట్టుకు లాగుతావు. లారీ బందరు బదులు కాలవలోకి పోయిద్ది.”

“వదినా, అన్న ఏమంటన్నాడంటే...”

“విన్నాలే. నాకేమన్నా చెవుడా?”

“ఆయనకీ లేదు, నీకూ లేదు. మరి మధ్యలో నా నోరెందుకు అరగదీస్తారు? పిడుగురాళ్ల కాడినించి ఇదే పని. గుంటూర్లో టీ తాగుదామన్న మాట కూడా నా మీదగానే పోయింది. మీ ఇద్దరి టీలూ చెప్పి నా టీ చెప్పుకోవడం మర్చిపోయా.”

ఎవరూ నవ్వలేదు. మంగమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేమోనని ఆదెయ్య ఓరగా చూశాడు. కాదు. ఒళ్లో ఉన్న మూటను రెండు చేతులా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది, అంతే.

వారం కిందట బట్టీ దగ్గర జరిగిన రాద్ధాంతం తర్వాత మంగమ్మ మొగుడితో నేరుగా మాట్లాడలేదు. అలాగని వంట మానలేదు, వడ్డన మానలేదు. “ఓ సట్టీ, ఆయనకి ఇంకో గరిటె పులుసు కావాలేమో కనుక్కో” అని మట్టిసట్టిని అడిగేది. “చాలని చెప్పవే సట్టీ” అనేవాడు ఆదెయ్య. ఒక రోజు సట్టి అడగటం మర్చిపోయింది. ఆదెయ్య ఆకలితోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. మంగమ్మ ఆ పూట తినలేదు.

సున్నపు బట్టీల వాళ్ల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్లకు కాన్పయితే, బిడ్డను ఉయ్యాలలో వేసే ముందు ఆ గదికి పుట్టింటి బట్టీ సున్నంతోనే వెల్ల వెయ్యాలి. చీర పెట్టకపోయినా సర్దుకుంటారు. సారె పంపకపోయినా వెనక ముందు చూసుకుంటారు. సున్నం పోలేదంటే మాత్రం ఆ పిల్లకు పుట్టిల్లు లేనట్టే. అంతకంటే పెద్ద శాపం ఆ ఇళ్లలో లేదు.

కూతురు పోలేరమ్మకు బందరులో మగబిడ్డ పుట్టాడన్న కబురు తెచ్చింది ఫరీదే. వినగానే మంగమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి బట్టీ దగ్గరికి పరిగెత్తింది. రాళ్లు పేర్చే కూలీలందరి ముందూ ఆదెయ్య అన్నాడు:

“నా బట్టీ సున్నం దాని గోడకు అంటదు. నేను దాని గడప తొక్కను. అయిపోయింది.”

ఆ మాట అందరి ముందూ అన్నాడు. వెనక్కి తీసుకోవాలన్నా అందరి ముందే తీసుకోవాలి. అదే వచ్చిన చిక్కు.

పోలేరమ్మ చేసిన తప్పల్లా బాలశౌరిని చేసుకోవడం. బాలశౌరి బందరులో బడిపంతులు. శిలువకు దండం పెట్టుకునే ఇంటివాడు. ఏడాది కిందట తల్లిని వెంటబెట్టుకుని పిల్లనడగటానికి వచ్చాడు. వాకిట్లో కాలు పెట్టబోతుంటే ఆదెయ్య మంచం మీంచి లేవకుండానే “అక్కడే ఆగు” అన్నాడు. తల్లీకొడుకులు ఎండలో అక్కడే ఆగారు. మంచినీళ్లు కూడా అడగలేదు. ఆగి ఆగి వెనక్కి తిరిగారు. నెల తిరక్కముందే పోలేరమ్మ వాళ్ల వెనకే వెళ్లిపోయింది.

ఇప్పుడు బందరుకు సున్నం లోడు పడేసరికి మంగమ్మకు ఉన్నట్టుండి ఒక మొక్కు గుర్తొచ్చింది. కార్తీకమాసంలో సముద్ర స్నానం చేస్తానని ఎప్పుడో మొక్కుకుందట. మొక్కుకు అడ్డం చెప్పే ధైర్యం ఏ మొగుడికీ ఉండదు. ఆదెయ్య సరేనన్నాడు. బందరులో కూతురుందని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని మంగమ్మకూ తెలుసు. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు, సట్టితో కూడా.

“ఫరీదూ,” అన్నాడు ఆదెయ్య పామర్రు దాటాక, “కోటప్పకొండకు మొక్కినోళ్లను చూశాను. ఊరి అమ్మవారికి మొక్కినోళ్లను చూశాను. సముద్రానికి మొక్కిన పల్నాటి మనిషిని మాత్రం ఇదే చూడటం. ఎప్పుడు మొక్కిందో కనుక్కో.”

“కొన్ని మొక్కులు అవసరం పడ్డప్పుడే పుడతాయని చెప్పు,” అంది మంగమ్మ.

ఫరీదు ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. హారన్ మీద చెయ్యి వేసి, దారిలో ఏ అడ్డమూ లేకపోయినా గట్టిగా మోగించాడు.

* * *

బందరు వచ్చిందని కంటికంటే ముందు ముక్కుకు తెలిసింది. గాలి తడిగా, ఉప్పగా తగిలింది. ఆదెయ్య కంగారుగా తల బయటపెట్టి లారీ వెనక్కి చూశాడు. కాల్చిన సున్నపు గడ్డలకు తడి అంటే పగ. నీళ్లు తగిలాయా, బుసలు కొట్టి పొగలు కక్కి పక్కనున్నదాన్ని కాలుస్తాయి. పైన కప్పిన టార్పాలిన్ బిగువుగానే ఉంది. ఊపిరి పీల్చుకున్నాడు.

కోట వైపు ఒక పాత గోదాము మరమ్మతుకు వచ్చిన సరుకు అది. కూలీలు గంపలతో దించుతుంటే ఆదెయ్య పక్కనే ఉన్న మొండిగోడ దగ్గరికి నడిచాడు. ఓడల్లో వచ్చిన దొరలెవరో కట్టిన గోడ. పైన కప్పు లేదు. కిటికీ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. గోడలో ఇటుకలు గాలికి అరిగి గుల్లబారాయి గాని, ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీతలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి నిలబడి ఉన్నాయి.

ఆదెయ్య ఆ గీతను గోటితో గీరాడు. వేలు చూసుకున్నాడు.

“ఇది మన రాయి కాదు. గుల్లలు కాల్చిన సున్నం.”

“ఇక్కడ రాయెక్కడిదన్నా?” అన్నాడు ఫరీదు. “సముద్రం ఇచ్చిన గుల్లల్నే కాల్చుకుంటారు వీళ్లు.”

“ఊరంతా ఒకసారి ఉప్పెనలో మునిగిందంట గదా?”

“మా తాతల నాడు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ఈ ఊళ్లో ముసలోళ్లు సముద్రం వైపు చూస్తారు.”

“చూశావా మరి. దొరలు పోయారు, దూలాలు పోయాయి. ఉప్పెనొచ్చి పోయింది. సున్నం మాత్రం పట్టు వదల్లా.” ఆదెయ్య గొంతులో, తన బట్టీది కాకపోయినా, కులవృత్తి మీద గౌరవం పలికింది.

లారీ నీడలో కూర్చున్న మంగమ్మ అక్కణ్నించే అంది: “పట్టు వదలకపోవటం ఏమంత గొప్ప కాదని చెప్పు ఫరీదూ. లోపల కాపురం ఉండేవాళ్లు ఒక్కళ్లన్నా మిగిలారేమో చూడమను.”

ఆదెయ్య చెయ్యి గోడ మీంచి తీసేశాడు. పంచె అంచుకు వేళ్లు తుడుచుకున్నాడు. వెళ్లి కూలీల పక్కన తనూ ఒక గంప ఎత్తుకున్నాడు.

* * *

పల్నాటి మనిషికి నీళ్లంటే బావి అడుగున ఉండేవి. తొంగి చూసి, చేద వేసి, చేతులు నొప్పి పుట్టేలా తోడుకుంటే వచ్చేవి. మంగినపూడి ఒడ్డున నిలబడి, అడక్కుండానే ఎదురొచ్చి కాళ్ల మీద పడుతున్న అన్ని నీళ్లను చూసేసరికి మంగమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

“దీన్ని ఎవరు కాపలా కాస్తారు?” అంది, ఎవరిని అడుగుతున్నదీ తెలియకుండానే.

ఫరీదు లారీని ఇసుక తగలని చోట, సరుగుడు చెట్ల కింద ఆపి, అక్కడే ఉండిపోయాడు. “మొగుడూ పెళ్లాల స్నానానికి నేనెందుకు?” అన్నాడు. మంగమ్మ మూటను జాగ్రత్తగా లారీలో, సీటు మీద, తడి తగలని చోట పెట్టి దిగింది.

ఇద్దరూ మోకాలి లోతుకు వెళ్లారు. దంపతులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మునగాలి. చుట్టూ ఉన్నవాళ్లందరూ అలాగే మునుగుతున్నారు. మంగమ్మ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది, “ఫరీదూ, ఆయన్ని చెయ్యి ఇవ్వమను” అనటానికి. ఫరీదు ఎక్కడో చీమంత దూరాన ఉన్నాడు.

ఆదెయ్య చెయ్యి చాచాడు. ఆమె దాని వైపు చూసింది. సున్నం తిని తిని పగుళ్లిచ్చిన అరచెయ్యి. పెళ్లినాడు ఈ చేతిలో చెయ్యి పెట్టినప్పుడు, గరుకుకు ఉలిక్కిపడి వెనక్కి లాక్కోబోయిన సంగతి గుర్తొచ్చింది.

అంతలోనే అల వచ్చింది. రాగి చెంబంత కూడా చప్పుడు చెయ్యకుండా వచ్చి, నడుముకు కొట్టి, కాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది.

“వదలమాక!”

“వదల్లా.”

ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసే మునిగారు, కలిసే లేచారు. మంగమ్మ ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్లు కారుతున్నాయి. ఉప్పుకు మొహం వికారంగా పెట్టింది. ఆదెయ్య నవ్వాడు. వారం నుంచీ నవ్వని మొహం కదా, నవ్వడానికి కాస్త కష్టపడింది.

“మొక్కు తీరిందా?”

ఆమె ఒడ్డు వైపు చూసింది.

“ఫరీదు రాడు. నాకే చెప్పాల.”

మంగమ్మ తడి కొంగు పిండుకుంది. పిండిన చోటే మళ్లీ పిండుకుంది.

“తీరలా,” అంది.

ఆ ఒక్క మాటలో ఏముందో ఆదెయ్యకు అర్థమైంది. అర్థమైనందుకే ఇంకేం అడగలేదు. కానీ ఆమె అలల్లోంచి బయటికొచ్చేదాకా చెయ్యి మాత్రం వదల్లేదు.

సరుగుడు చెట్ల చాటున మంగమ్మ పొడి చీర కట్టుకుంటోంది. ఆదెయ్య ఆమె తడి చీరా, తన తడి పంచే పిండాడు. పెళ్లాం బట్టలు పిండటం ఆయన జన్మలో అదే మొదలు. పిండటం అంతగా చేత కాలేదు. ఏదో ఒకటి చేసి మెప్పించాలన్న తొందరలో, ఆ బట్టల్ని తీసుకెళ్లి సీటు మీదున్న మూట ముడి విప్పి, లోపలేముందో చూడకుండానే పైన కుక్కి, మళ్లీ ముడి వేశాడు. ఎప్పుడూ ఆమె మోస్తోంది గదా అని, మూటను తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

* * *

లారీ బందరు ఊళ్లోకి తిరిగింది. మంగమ్మ ఈసారి మధ్యలో కూర్చుంది. అలా కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఫరీదూ, ఇంజను వేడెక్కిందేమో చూడు,” అన్నాడు ఆదెయ్య.

“లేదన్నా. ఇప్పుడేగా బయల్దేరాం.”

“కాళ్లకు సెగ తగులుతోంది.”

మంగమ్మ కిందికి చూసింది. మూట కనిపించింది. మూట పైన తన తడి చీర అంచు కనిపించింది. చప్పున కాళ్లు పైకి లాక్కుంది.

“ఎవరు పెట్టారు? అందులో తడి బట్టలు ఎవరు పెట్టారు?”

“నేనే. పిండి మరీ పెట్టా...”

మూటలోంచి సన్నగా బుస వినిపించింది.

ఆ చప్పుడు ఆదెయ్యకు నిద్రలో వినిపించినా తెలుస్తుంది. పోలేరమ్మ ఇంతపిల్లగా ఉన్నప్పుడు సున్నపు గడ్డ మీద నీటి చుక్క వేసి, దూరంగా చతికిలబడి వినేది. “నాన్నా, రాయి మాట్లాడతంది” అనేది. “కోపమొచ్చిందే దానికి, దగ్గరికి పోమాక” అనేవాడు తను.

“ఆపు! లారీ ఆపు!”

మూటను కాలితో తన్ని కిందికి తోశాడు. రోడ్డు పక్కన పడి పొగలు కక్కింది. ఆదెయ్య దూకి, కర్రతో ముడి విప్పాడు. పైనున్న తన పంచె మాడి గోధుమరంగుకు తిరిగింది. చీర పక్కకు లాగితే లోపల గోనెపట్టా, గోనెలోపల సున్నపు గడ్డలు. ఒక్కొక్కటే పగిలి, విచ్చుకుని, తెల్లటి పొడిగా కుప్పలోకి జారుతున్నాయి. వాటి పక్కనున్న చిన్న చిన్న బట్టలు కూడా బయటపడ్డాయి. పాత నేతచీర చింపి కుట్టిన పసివాడి చొక్కాలు. ఒకదాని చెయ్యి కాలింది.

మంగమ్మ దిగి వాటిని లాగబోయింది.

“ముట్టుకోమాక!” అరిచాడు ఆదెయ్య. “కళ్లలో పడిద్ది. వెనక్కి ఉండు.”

కర్రతో చొక్కాల్ని ఒక్కొక్కటిగా ఆయనే పక్కకు తీశాడు. దారినపోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఫరీదు వాళ్లను “ఏం లేదు, పోండి పోండి” అని పంపించేశాడు.

ఆదెయ్య కుప్ప ముందు గొంతుకూర్చున్నాడు. విరగని గడ్డ ఒకటి మిగిలింది. దాన్ని పైకెత్తి చూశాడు. పాలుకారే తెలుపు. బూడిద మరక లేదు, పచ్చి రాయి జీర లేదు.

“నడిమి గడ్డలు,” అన్నాడు. “బట్టీ నడిమధ్యవి. ఆరకముందే లోపలికి చెయ్యి పెట్టి తీశావు.”

మంగమ్మ కొంగు మణికట్టు మీదికి లాక్కుంది.

“చెయ్యి చూపియ్.”

“ఏం లేదు.”

“చెయ్యి చూపియ్యమన్నానా!”

చూపించింది. మణికట్టు పైన, గాజులు తోసుకున్న చోట, కాలి మానుతున్న మచ్చ. వారం రోజులుగా వడ్డిస్తున్న చెయ్యే అది. కొంగు కప్పుకుని వడ్డించింది. తను కంచం వైపే చూశాడు.

“నన్నడగొచ్చు గదా.”

“అడిగాను,” అంది మంగమ్మ. “కూలోళ్లందరి ముందూ అడిగాను. నువ్వేం చెప్పావో గుర్తు లేదా? దాని గోడకు అంటదన్నావు. రేపు ఆ బిడ్డను ఉయ్యాల్లో వేస్తారు. ఆ గోడ మన పిల్లకు చెప్పదా, నీకెవరూ లేరని? నేను కన్నాను. నేను మోశాను. ఒక గంపెడు సున్నం దొంగతనం చెయ్యాల్సొచ్చింది నా ఇంట్లో నేను! అదీ చేతకాలా. బట్టీ పెళ్లానివై ఉండి సున్నాన్ని బట్టల్లో చుట్టావేమని నువ్వూ అను. అందరూ నవ్వుతారు, నవ్వించు.”

“నవ్వే పని చేసింది నేను గదా,” అన్నాడు ఆదెయ్య మెల్లగా. “బట్టీ మొగుణ్నై ఉండి సున్నం నెత్తిన తడి పంచె పెట్టా.”

ఫరీదు దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

ఆదెయ్య తెల్లటి పొడిని కర్రతో కదిపాడు. బుస తగ్గింది. రాయి చెప్పాల్సింది చెప్పేసి చల్లారుతోంది.

“పొడైంది. దీన్ని మళ్లీ రాయిని చెయ్యటం ఎవడి వల్లా కాదు,” అన్నాడు. లేచి, మోకాళ్ల మీద ఇసుక దులుపుకున్నాడు. “గోనెలో ఎత్తు ఫరీదూ. లారీ పోనియ్.”

“ఎక్కడికన్నా?”

“నువ్వు లోడుకు వచ్చినప్పుడల్లా కబుర్లు మోసే ఇంటికే. నాకు తెలియదనుకున్నావురా?”

* * *

వలందపాలెంలో పోలేరమ్మ ఇల్లున్న సందు సన్నం. లారీ పట్టదు. మొదట్లోనే ఆపి, ఫరీదు గోనె భుజానికెత్తుకుని ముందు నడిచాడు. మంగమ్మ ఆ చొక్కాలనే కొంగులో పెట్టుకుని నడిచింది. ఆదెయ్య అందరికంటే వెనక.

పెంకుటిల్లు. చిన్న అరుగు. తలుపు తీసే ఉంది. గోడలు కొత్తగా వెల్ల వేసి తెల్లగా మెరుస్తున్నాయి.

ఆ తెలుపు చూసి ఆదెయ్య అరుగు దగ్గరే ఆగిపోయాడు. గోడను వేలితో తాకాడు. అంటిన తెలుపును బొటనవేలితో నలిపాడు.

“గుల్లసున్నం,” అన్నాడు. “వాళ్లదే వేసుకున్నారు. పదండి పోదాం. మన అవసరం లేదిక్కడ.”

“ఎవరు?” అంటూ లోపలినుంచి పోలేరమ్మ వచ్చింది. బాలింత. తలకు గుడ్డ చుట్టుకుని, చేతుల్లో బిడ్డతో. తల్లిని చూసింది. అడుగు ముందుకు వేసింది. తల్లి వెనక ఎవరున్నదీ చూసింది. ఆ అడుగు అక్కడే నిలిచింది.

మంగమ్మ మాత్రం నిలవలేదు. గడప దాటి, కూతుర్నీ బిడ్డనూ కలిపే చేతుల్లోకి తీసుకుంది. ఎవరు ఏడుస్తున్నదీ తెలియలేదు. బిడ్డ మాత్రం ఏడవలేదు.

చాలాసేపటికి పోలేరమ్మ కళ్లు తుడుచుకుని తలెత్తింది. చూపు ఫరీదు మీదే పెట్టింది.

“ఫరీదు బాబాయ్, అరుగు కాడ ఎండగా ఉందని చెప్పు. లోపలికి రాకూడదని ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అనలా.”

ఫరీదు గోనెను కింద దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. “ఓరి దేవుడో! తల్లి నోరు విప్పి నాకు విడుపిచ్చిందనుకుంటే, ఇప్పుడు కూతురు మొదలెట్టింది.”

“వెల్ల అయిపోయింది గదా, ఇంకెందుకు వచ్చారని అడిగినా అడుగుతారు,” అన్నాడు ఆదెయ్య సందు వైపు చూస్తూ. “ఆ మాట పడటానికి లోపలికెందుకో కనుక్కో.”

పోలేరమ్మ గుమ్మం పక్కకు జరిగింది. తలుపు రెక్కను పూర్తిగా తెరిచింది.

అరుగు దగ్గర్నించే కనిపించింది లోపలి గది. మూడు గోడలు గుల్లసున్నంతో తెల్లగా ఉన్నాయి. నాలుగోది, దూలానికి ఉయ్యాల తాళ్లు కట్టిన వైపుది, ఎప్పటి మట్టిరంగులోనే ఉంది. పాత మరకలు, మేకుల గుంటలు, పొగచూరు. పక్కన అంత తెలుపుండేసరికి ఆ గోడ ఇంకా నల్లగా కనబడుతోంది.

“అదెందుకు వదిలేశారో అడుగు ఫరీదూ.” ఆదెయ్య చూపు ఆ గోడ మీదే ఉంది.

“మా అత్త వేస్తానంది, బాబాయ్. ఇంటాయనా వేస్తానన్నాడు. రేపు చుట్టాలొచ్చి ఏమనుకుంటారన్నారు. నేనే వద్దన్నా. ఎవరి సున్నం వాళ్లే వచ్చి వేసుకుంటారని చెప్పా.”

“రాకపోతే?”

“రాకపోతే అట్టాగే ఉండిద్దని చెప్పు.”

ఆదెయ్య అరుగు స్తంభం పట్టుకున్నాడు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయాక, ఈసారి పుట్టింది నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని ఊరి పోలేరమ్మకు మొక్కింది తను. పేరు పెట్టి పిలిచి పిలిచి పెంచింది తను. ఏడాదిగా ఆ పేరు నోటితో అనలేదు. ‘అది’ అన్నాడు. ‘దాని’ అన్నాడు.

“గోనెలో సున్నానికి నీళ్లు కావాల,” అన్నాడు. “ఒక బక్కెట నీళ్లు తెమ్మను.”

పోలేరమ్మ కదల్లేదు.

“ఎవర్ని తెమ్మంటన్నాడో పేరు పెట్టి పిలవమను బాబాయ్.”

ఫరీదు ఈసారి మోయలేదు ఆ మాటను. తల వంచుకుని, గోనె మూతి విప్పుతున్నట్టు కూర్చున్నాడు.

ఆదెయ్య మొదటిసారి కూతురి కళ్లలోకి చూశాడు.

“ఏ పేరు పెట్టి పిలవను?” అన్నాడు. “మీ గుళ్లో నీ పేరు మార్చేశారంట గదా. మార్తమ్మనో, ఏందో. కబురు విన్న కాడినుంచీ... నేను పెట్టిన పేరు ఇంకా నీదేనా కాదా?”

అదీ అసలు ముల్లు. బట్టీ దగ్గర కూలీల ముందు అరిచినప్పుడు లోపల గుచ్చుకున్నది అదే. మంగమ్మకు కూడా ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

పోలేరమ్మ బిడ్డను తల్లి చేతికిచ్చింది. గడప దాకా వచ్చి నిలబడింది.

“వాళ్లు పెట్టిన పేరుంది నాన్నా. ఆ పేరుతో పిలిస్తే పలుకుతా. పలకాల గదా, వాళ్ల ఇంట్లో ఉన్నా. కానీ నువ్వు పెట్టిన పేరుతో ఇక్కడ ఎవర్నీ పిలవనియ్యలా. ఇంటాయన్ని కూడా.”

సందులో ఎవరో బావి చేద వేశారు. గిలక కీచుమంది.

“పోలేరీ,” అన్నాడు ఆదెయ్య. “నీళ్లు తే తల్లీ.”

ఆమె పరుగున పోయి నీళ్లు తెచ్చింది. తొణికి చీర తడిసినా చూసుకోలేదు. బక్కెట గడప లోపల పెట్టి, పక్కకు తప్పుకుంది. ఫరీదు గోనె ఎత్తి గుమ్మం దగ్గరికి చేర్చాడు. ఆదెయ్య తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకున్నాడు. అరుగెక్కాడు. గడప ముందు నిలబడి, ‘తొక్కను’ అన్న మాట తనలోనే ఒకసారి విని, కుడికాలు పైకెత్తాడు.

వెనక సైకిలు గంట మోగింది.

బడి వదిలినట్టున్నారు. బాలశౌరి సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి, తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషి వీపు వైపు చూస్తున్నాడు. ఏడాది కిందట ఎండలో నిలబడ్డ నాటి చొక్కానో, ఇంకొకటో, తెల్లటిదే వేసుకున్నాడు. పోలేరమ్మ మొహంలో ఇప్పుడే వచ్చిన వెలుగు అక్కడే తడబడింది.

“ఆగండి,” అన్నాడు బాలశౌరి.

ఒకప్పుడు తన వాకిట్లో తను అన్న మాటే వీపుకు తగిలి, ఆదెయ్య కాలు గడప పైన గాల్లోనే ఆగింది.